మందు కొట్టని గులాబీలు: మా పెరటి ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, శ్రావణం చివర

గులాబీ మొక్కను ఎంచుకోవడానికి వానాకాలాన్ని మించిన అదను లేదు. మన దగ్గర అందరూ డిసెంబరు, జనవరి నెలల్లో నర్సరీకి వెళ్తారు. అప్పటికి ప్రతి మొక్కా కొత్త చిగురు తొడిగి, నిండా మొగ్గలతో ఉంటుంది. ఏది గట్టిదో, ఏది ఏడాది తిరక్కుండా మోడైపోయేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అదే జూన్‌లో పట్టిన వానలు రెండు నెలలు కొట్టాక వెళ్తే, ఆకు మీద నల్లటి మచ్చలు పడి ఆకు రాలిపోయే నల్లమచ్చ తెగులు అప్పటికే పరీక్ష పెట్టి మార్కులు కూడా వేసేసి ఉంటుంది.

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంటి తూర్పు పెరడు, గేటు పక్క చిన్న మడి, మిద్దె మీద కొన్ని పెద్ద కుండీలు: ఈ ప్రాజెక్టుకు ఉన్న చోటు ఇంతే. గులాబీ రేకులతో మా ఇంట్లో గుల్కంద్ పెడతాం, దేవుడికి వాడతాం, అత్తయ్య కొప్పులో తురుముకుంటారు. గుడిమల్కాపూర్ మార్కెట్ పూలతో గుల్కంద్ పెట్టడానికి నాకు మనసొప్పదు. ఆ పూల మీద ఏ మందు ఎప్పుడు పడిందో మనకు చెప్పేవాళ్లు ఉండరు. నోట్లో వేసుకునే పువ్వును ఇంట్లోనే పండించుకోవాలి, దాని మీద తెగులు మందు పడకూడదు.

పెట్టుకున్న నియమం ఒకటే. మొదటి ఏడాది ఆకుల మీద సేంద్రియ మందులు కూడా కొట్టను. వేపనూనె, పుల్లటి మజ్జిగ, తెగుళ్లను అణిచే మేలు శిలీంద్రం ట్రైకోడెర్మా, ఏదీ వద్దు. మట్టికి కావలసినంత ఎరువు, వేళకు నీళ్లు, సరైన ఎండ, అంతే. వారం వారం మజ్జిగ కొడుతూ ఉంటే మొక్క తనంతట తాను నిలబడుతోందా, మజ్జిగ నిలబెడుతోందా అన్నది తేలదు. నాకు తేల్చుకోవాల్సింది మొక్క సంగతి.

నర్సరీకి వెళ్లే ముందు కొంత చదువుకున్నాను. అందులో అన్నిటికంటే పనికొచ్చింది పసుపు రంగు కథ. ఇప్పుడు మనం చూసే తోట గులాబీల్లో ముదురు పసుపు, నారింజ, రెండు రంగులు కలిసిన పూలు చాలావరకు ఒకే మూలం నుంచి వచ్చాయి. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ పెర్నే-డ్యూషే అనే ఆయన పర్షియన్ ఎల్లో అనే పశ్చిమాసియా గులాబీతో సంకరం చేసి, 1900లో సోలేయ్ డోర్ అనే రకాన్ని విడుదల చేశాడు. అంతకుముందు తోట గులాబీల్లో ఆ గాఢమైన పసుపు లేదు. రంగుతో పాటే నల్లమచ్చకు లొంగిపోయే గుణమూ ఆ వంశంలోకి దిగింది. పర్షియన్ ఎల్లో పొడి గాలుల దేశపు మొక్క, ఆకు తడిసి గంటల తరబడి ఉండే వాతావరణం దానికి తెలియదు. అందుకని పసుపు గులాబీలన్నీ పనికిరావని కాదు. పసుపును ఎంచుకునేటప్పుడు మిగతావాటికంటే నాలుగింతలు అనుమానంగా చూడాలి.

రెండోది, బాగా పెరిగిన ముదురాకులు. ఆకు దళసరిగా, పైన మైనం పూసినట్టు నిగనిగలాడుతూ ఉంటే దాని మీద నీటిచుక్క నిలవక జారిపోతుంది. ఇది హామీ కాదు, ఒక సూచన మాత్రమే. పలచగా, మెత్తగా, నూగుగా ఉన్న ఆకులను పక్కన పెట్టడానికి సరిపోతుంది.

నర్సరీలో చూసింది ఇది. ముందు వరసలో పూసిన మొక్కలన్నీ పుణె, బెంగళూరు నుంచి కొత్తగా దిగినవి. ఆకుల మీద తెల్లగా మందు చారలు ఇంకా ఉన్నాయి. వాటి దగ్గర ఆగలేదు. వెనక, నీళ్ల తొట్టి పక్కన, ఎవరూ కొనక మిగిలిపోయిన పాత కుండీలు ఉన్నాయి. నర్సరీ చూసుకునే పెద్దాయనది కడియం దగ్గర ఊరు.

"అవెందుకమ్మా, పువ్వు లేదు, చూపుకి ఆనవు. ముందున్నవి పట్టుకెళ్లండి," అన్నారు.

"వీటికి వానల్లో మందు కొట్టారా బాబాయి గారూ?"

"వాటికెవరు కొడతారమ్మా. అమ్ముడుపోయేవాటికే కొట్టడానికి మనుషుల్లేరు."

నాకు కావలసిన మాట అదే. ఆ వెనక వరసలో సగానికి సగం మొక్కలు మోడుల్లా ఉన్నాయి. కొన్నిటికి మాత్రం కింది నుంచి పైదాకా ఆకు నిలిచి ఉంది. మందు లేకుండా, ఇరుకులో, పైనుంచి పైపుతో నీళ్లు కొట్టించుకుంటూ కూడా ఆకు నిలుపుకున్న మొక్క కంటే మంచి ధ్రువపత్రం ఉండదు. ఒక ఐస్‌బర్గ్, ఒక గ్రస్ ఆన్ టెప్లిట్జ్, గుత్తులుగా పూసే ఒక చిన్న గులాబీ ది ఫెయిరీ అక్కడ నుంచే తీసుకున్నాను. పోల్చి చూడటానికని, ముందు వరస నుంచి కావాలనే రెండు హైబ్రిడ్ టీ రకాలు, అంటే కాడకో పెద్ద పువ్వు పూసే గులాబీలు, తెచ్చాను. ఒకటి డబుల్ డిలైట్, 1977 నాటి రకం. తెల్లటి పువ్వుకు ఎర్రటి అంచు, మంచి వాసన, మా అమ్మాయికి ప్రాణం. ఇంకొకటి పేరు చీటీ లేని పసుపు.

కొనేటప్పుడు చూడాల్సిన ఇంకో చోటు అంటు దగ్గర. మన నర్సరీల్లో అమ్మే గులాబీలు చాలావరకు కన్ను అంటు కట్టినవి, అంటే వేరే గులాబీ వేరుమొక్క మీద ఈ రకం కన్ను అతికించినవి. అంటు మీద నల్లగా కమిలి ఉన్నా, పైన కొమ్మ కోసిన చోటు నుంచి గోధుమ రంగు కిందికి పాకుతూ ఉన్నా ఎంత బాగా పూసినా వదిలేయాలి. అది కొమ్మ ఎండు తెగులు. ఇంటికొచ్చాక ఆగదు.

భాద్రపదం

మిగిలిన రెండు మొక్కలు నర్సరీవి కావు. మా వీధి చివర అమ్మవారి గుడి ప్రహరీ పక్కన ఒక గులాబీ పొద ఉంది. లేత గులాబీ రంగు, గుత్తులు, ఏడాదంతా ఎప్పుడో ఒక పువ్వు ఉంటుంది. ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను.

"పంతులు గారూ, ఈ మొక్కకి మందేమైనా కొడతారా?"

"మందా తల్లీ? అభిషేకం నీళ్లు అటు పోతాయి. ఏడాదికోసారి కొమ్మలు దారికి అడ్డమొస్తే కొడతాం. అంతే."

కణుపులున్న పెన్సిల్ మందం కొమ్మలు అడిగి తెచ్చుకున్నాను. పువ్వు తీరు, సన్నటి ఎర్రటి చిగుళ్లు, ముళ్లు తక్కువగా ఉండటం చూస్తే ఇది చైనా గులాబీ జాతిది. ఓల్డ్ బ్లష్ అనే పాత రకానికి బాగా దగ్గరగా ఉంది. చైనా గులాబీలు వేడి దేశాలకు సరిపోయిన మొక్కలు, ఆకు రాల్చి నిద్రపోయే చలికాలం వాటికి అక్కర్లేదు. యూరప్ గులాబీలు ఏడాదంతా పూయడం నేర్చుకున్నది వీటితో కలిశాకే.

ఇంకొకటి రాజమండ్రిలో అమ్మ వాళ్లింటి పన్నీరు గులాబీ. మన దక్షిణాదిలో చాలా చోట్ల దీన్నే ఎడ్వర్డ్ గులాబీ అంటారు. రీయూనియన్ దీవిలో, అంటే అప్పటి బూర్బన్ దీవిలో, చైనా గులాబీ, డమాస్క్ జాతి గులాబీ కలిసి పుట్టిన బూర్బన్ గులాబీల కుటుంబం. డమాస్క్ వాసన, చైనా గులాబీ మళ్లీ మళ్లీ పూసే గుణం రెండూ అందులో ఉన్నాయి. గుల్కంద్‌కి నాకు ఇదే కావాలి. దీని కొమ్మ గుచ్చితే వేరు తేలిగ్గా పడుతుంది, అంటుతో పని లేదు. సొంత వేరు మీద ఉన్న మొక్క పైన మొత్తం ఎండిపోయినా కింద నుంచి అదే రకం మళ్లీ లేస్తుంది. అంటు మొక్కయితే కింద నుంచి లేచేది వేరుమొక్క తాలూకు అడవి కొమ్మ.

నాటడం గురించి క్లుప్తంగా. మా నేల ఎర్ర చెలక, నీరు నిలవదు, బలం తక్కువ. గుంటకు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, కాస్త ఇసుక. అంటు నేలకు రెండంగుళాల పైన ఉండేలా పెట్టాను. మొక్కకూ మొక్కకూ మధ్య మూడడుగుల పైన వదిలాను. చూసేవాళ్లకు బోసిగా కనిపిస్తోంది. కానీ ఈ ప్రాజెక్టులో ఆ ఖాళీయే నా మొదటి మందు.

ఎందుకో చెప్పాలంటే నల్లమచ్చ ఎలా పుడుతుందో చెప్పాలి. ఆ శిలీంద్రం బీజాలు గాలికి ఎగిరే రకం కాదు. నీటిచుక్క నేల మీద పడి చిందినప్పుడు, పైఆకు నుంచి కింది ఆకుకు కారినప్పుడు వ్యాపిస్తాయి. ఆకు మీద పడ్డాక మొలకెత్తి లోపలికి దిగడానికి సుమారు ఏడు గంటల పాటు ఆకు తడిగానే ఉండాలి. మధ్యలో ఆరిపోతే అక్కడికి చచ్చిపోతుంది. మనం చేయగలిగినదంతా ఈ ఏడు గంటల లోపలే ఉంది. తూర్పు ఎండ పడితే రాత్రి తడి తొందరగా ఆరుతుంది. మొక్కల మధ్య గాలి ఆడితే ఇంకా తొందరగా ఆరుతుంది. నీళ్లు పొద్దున్నే, మొదట్లో మాత్రమే పోస్తే మనం కొత్తగా తడపనట్టు. మొదలు చుట్టూ వరిగడ్డి పరిస్తే వాన చినుకుకు మట్టి చిందదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పైపుతో ఆకులన్నీ కడిగే అలవాటు ఉన్నవాళ్లు వానాకాలంలో దాన్ని మానేస్తే సగం తెగులు అక్కడే తగ్గుతుంది.

రాలిన మచ్చల ఆకులను ఎప్పటికప్పుడు ఏరి చెత్త బండికి ఇచ్చేస్తున్నాను. ఇంటి కంపోస్టు కుప్ప ఆ బీజాలు చచ్చేంత వేడెక్కదు.

అక్టోబరు, దసరా వెళ్లాక

వానాకాలం ఫలితాలు చేతికొచ్చాయి. డబుల్ డిలైట్‌కు కింది నుంచి మూడొంతులు ఆకు రాలిపోయింది. పసుపు గులాబీ ఇంకా ఘోరం, కొమ్మ చివర నాలుగు చిగురాకులు తప్ప ఏమీ లేవు. ఐస్‌బర్గ్‌కు మచ్చలు బాగానే వచ్చాయి, కానీ రాలిన వెంటనే కొత్త ఆకు పెట్టుకుంటోంది. గ్రస్ ఆన్ టెప్లిట్జ్ మధ్యస్థం. పన్నీరు గులాబీకి కింది ఆకుల్లో మచ్చలు, పైన శుభ్రం. ది ఫెయిరీ, ఆ చిన్న నిగనిగలాడే ఆకులతో, దాదాపు తాకకుండా దాటింది. గుడి గులాబీ కొమ్మలు ఇంకా లేతవి, వాటిని ఇప్పుడే లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదు. అయితే గుడి దగ్గర తల్లిమొక్కను చూసి వచ్చాను, ఒక్క కొమ్మ కూడా బోసిపోలేదు.

ఇక్కడ ఒక మాట. "ఈ రకం నల్లమచ్చను తట్టుకుంటుంది" అని ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో రాసింది ఇక్కడ యథాతథంగా పనిచేయదు. ఈ శిలీంద్రంలో పదికి పైగా తెగలను శాస్త్రవేత్తలు గుర్తించారు. గులాబీలో ఒక తెగను అడ్డుకునే జన్యువు మరో తెగను అడ్డుకోలేకపోవచ్చు. రోజా మల్టీఫ్లోరా అనే అడవి గులాబీ నుంచి వచ్చిన ఆర్‌డీఆర్1 అనే జన్యువు చాలా తెగలను ఆపుతుంది, అన్నిటినీ కాదు. కాబట్టి ఆ ఊళ్లో ఏ తెగ ఉందో దానికి ఎదురు నిలిచిన మొక్కే ఆ ఊరికి గట్టి మొక్క. కేటలాగు కంటే నాలుగు వీధులు తిరిగి, ఎవరూ పట్టించుకోని ప్రహరీ పక్కన ఏది బతికి ఉందో చూడటం మంచి పరిశోధన అని నాకు నమ్మకం కుదిరింది.

అక్టోబరు చివర, వానలు పూర్తిగా ఆగాక

కత్తిరింపు. హైదరాబాద్‌లో గులాబీకి ఏడాదిలో అతి ముఖ్యమైన పని ఇదే. వానలు ఆగకముందు కోస్తే కోసిన చోట తడి చేరి కొమ్మ ఎండు తెగులు పడుతుంది. మరీ ఆలస్యం చేస్తే పూలు ఎండల్లోకి పోతాయి. కోసిన నలభై, నలభై అయిదు రోజులకు పువ్వు వస్తుంది. సంక్రాంతికి ముంగిట పూలు కావాలనుకునేవాళ్లు నవంబరు చివరి వారం వరకు ఆగొచ్చు.

బయటి వైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోశాను. కోసిన చోట నడిమి బెండు తెల్లగా ఉండాలి. గోధుమ రంగు కనిపిస్తే తెల్లగా కనిపించేదాకా కిందికి కోస్తూ పోవాల్సిందే. పసుపు గులాబీలో ఒక కొమ్మను అలా కోస్తూ అంటు దాకా వెళ్లాల్సి వచ్చింది.

కోసిన చివళ్లకు బోర్డో పేస్టు అనే రాగి మందు పూశాను. ఆకుల మీద మందు వద్దనుకున్నాను, గాయం మీద కాదు. పైగా సేంద్రియ సాగు ప్రమాణాల్లో రాగి మందులను పరిమితంగా అనుమతిస్తారు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం అర లీటరు నీళ్లలో వేర్వేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తర్వాత రెండిటినీ ఒకదాంట్లో పోయాలి. ఇనుప గిన్నె పనికిరాదు. సరిగ్గా కుదిరిందో లేదో తెలియడానికి పాత ఇనుప కత్తి ముంచి చూడాలి. కత్తి మీద ఎర్రగా రాగి పేరితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి. కొందరు పసుపు ముద్ద పెడతారు, మా అత్తయ్య కూడా అదే చెప్పారు. ఆవిడ మాట తీసేయకుండా పన్నీరు గులాబీకి పసుపే పెట్టాను. ఆ మొక్క ఎలాగూ ఏదైనా తట్టుకుంటుంది.

డిసెంబరు మధ్య

రెండో పరీక్ష మొదలైంది. బూడిద తెగులు.

దీని స్వభావం నల్లమచ్చకు పూర్తిగా ఎదురు. దీని బీజాలు గాలిలో ఎగురుతాయి. మొలకెత్తడానికి ఆకు మీద నీళ్లు అక్కర్లేదు, పైగా ఆకు తడిస్తే దానికి ఇబ్బందే. రాత్రి 15, 16 డిగ్రీల చలి, గాలిలో తేమ, పగలు పొడిగా 26, 27 డిగ్రీలు. హైదరాబాద్ డిసెంబరుకు ఇంతకంటే సరిగ్గా సరిపోయే వర్ణన ఉండదు. ముదురాకును వదిలేసి లేత చిగురునే పడుతుంది. కత్తిరింపు తర్వాత వచ్చిన చిగురంతా లేతగా ఉన్న సమయం ఇది.

గ్రస్ ఆన్ టెప్లిట్జ్ ఇక్కడ తడబడింది. మొగ్గ కాడల మీద, తొడిమల మీద తెల్లటి పొడి. ఆకులు ముడుచుకుని ఊదా రంగు తిరిగాయి. డబుల్ డిలైట్‌కూ అదే గతి. వానల్లో మచ్చలు పడిన ఐస్‌బర్గ్‌కు మాత్రం బూడిద దాదాపు లేదు. పన్నీరు గులాబీకి ఒక కొమ్మ చివర కొంచెం. గుడి గులాబీ మొగ్గ కాడల మీద పలచగా పడి, ఎండ ముదిరేసరికి అదే పోయింది.

అంటే ఒక తెగులును తట్టుకునే మొక్క అన్నిటినీ తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. దీనికి పెద్ద ఉదాహరణ డాలస్‌లో ఉన్న మా చెల్లెలి పెరట్లో చూశాను, వీడియో కాల్‌లో. అక్కడ అందరి ఇళ్ల ముందూ నాకౌట్ గులాబీలే. విస్కాన్సిన్‌కు చెందిన విలియం ర్యాడ్లర్ తయారు చేసిన ఆ రకం 2000లో మార్కెట్‌లోకి వచ్చింది. నల్లమచ్చను అది తట్టుకునే తీరు చూసి అమెరికాలో ఊరూరా నాటారు. ఆ తర్వాత రోజ్ రోసెట్ అనే వైరస్ తెగులు డాలస్ ప్రాంతాన్ని పట్టింది. కంటికి కనపడనంత చిన్న నల్లి మోసుకొచ్చే ఆ వైరస్‌కు నాకౌట్ నిలబడలేకపోయింది. ఎర్రటి కొమ్మలు గుబురుగా, ఒళ్లంతా ముళ్లతో వస్తాయి. మందు లేదు, వేరుతో పీకేయడమే. వీధులకు వీధులు ఒకే రకం నాటిన చోట నష్టం కూడా అంత పెద్దదే అయింది.

అక్కడి నుంచే నేర్చుకోవాల్సిన మంచి పని కూడా ఒకటి ఉంది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు ఎర్త్‌కైండ్ పేరుతో గులాబీలను మందులు కొట్టకుండా, పెద్దగా సంరక్షణ లేకుండా ఏళ్ల తరబడి పరీక్షించి, నిలబడినవాటికే ఆ గుర్తింపు ఇస్తారు. టెక్సస్ ఎండలు మన ఎండలకు చాలా దగ్గర కాబట్టి లండన్ జాబితా కంటే ఈ జాబితా మనకు ఎక్కువ పనికొస్తుంది. అందులో మ్యూటబిలిస్, డ్యూషర్ వంటి చైనా గులాబీలు ఉన్నాయి, ది ఫెయిరీ కూడా ఉంది. మా పెరట్లో వానలు చెప్పినదీ ఆ జాబితా చెప్పినదీ ఒక్కటే కావడం నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

సంక్రాంతి

పువ్వు బాగా వచ్చింది. పన్నీరు గులాబీ రేకులు, పటిక బెల్లం పొడి పొరలు పొరలుగా వేసి గుల్కంద్ జాడీ ఎండలో పెట్టాను. ఐస్‌బర్గ్ విరగబూసింది. గ్రస్ ఆన్ టెప్లిట్జ్ పూలు కొన్ని కాడ వంకరపోయి విచ్చుకోలేదు, విచ్చుకున్నవాటి వాసన మాత్రం ఇంటి లోపలికి వచ్చింది. దాని మీద తీర్పు వాయిదా.

ఏప్రిల్

ఎండల కాలపు శత్రువులు తెగుళ్లు కావు, పురుగులు. మిద్దె మీద పెట్టిన ది ఫెయిరీకి ఎర్రనల్లి పట్టింది. ఆకు పైన సన్నటి పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు. వానల్లో మొదటి స్థానంలో నిలిచిన మొక్క ఇదే. మిద్దె వేడిలో, పొడి గాలిలో మాత్రం నల్లికి దొరికిపోయింది. దాన్ని కిందికి దించి, తూర్పు పెరట్లో మధ్యాహ్నం నీడ తగిలే చోట పెట్టి, పొద్దున పూట ఆకుల అడుగున గట్టి నీటి జల్లు కొడుతున్నాను. ఎండాకాలంలో ఆకు గంటలో ఆరిపోతుంది కాబట్టి నల్లమచ్చ భయం లేదు.

మొగ్గల్లో తామర పురుగు ఉంది. రేకుల అంచులు గోధుమ రంగులోకి మాడి, మొగ్గ వంకరపోతుంది. మిరప రైతులు పై ముడత అంటూ తలపట్టుకునేది కూడా ఇదే జాతి పురుగుతో. తెల్లటి, లేత రంగు పూల మీద ఎక్కువగా కనిపిస్తుంది, అంచేత ఐస్‌బర్గ్ మొగ్గలను గిల్లేసి మేలో దానికి విశ్రాంతి ఇవ్వాలనుకుంటున్నాను. మండే ఎండల్లో వచ్చే పువ్వు ఎలాగూ చిన్నది.

ఆకుల అంచున కంపాస్‌తో గీసినట్టు గుండ్రంగా కోసిన తుంపులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అది ఆకు కత్తిరించే తేనెటీగ పని, గూట్లో పరుచుకోవడానికి తీసుకెళ్తుంది. మొక్కకు నష్టం ఏమీ లేదు.

ఈ నెల్లో ఎక్కువ చదివింది ఎం.ఎస్. వీరరాఘవన్ గారి పని గురించి. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఆ ఉద్యోగం ముందే వదిలి, కొడైకెనాల్‌లో స్థిరపడి వేడి దేశాల కోసం గులాబీలను తయారు చేశారు. చలి దేశాల మొక్కలను తెచ్చి ఇక్కడ మందులతో బతికించడం కాదు, మన అడవి గులాబీల రక్తం ఎక్కించాలన్నది ఆయన దారి. అందుకు రెండు మొక్కలను ఎంచుకున్నారు. ఒకటి రోజా క్లైనోఫిల్లా, బెంగాల్ వైపు నీటి ఒడ్డున పెరిగే ఉష్ణదేశపు గులాబీ. ఇంకొకటి మణిపూర్ కొండల రోజా జైగాంటియా. ఆయన తయారు చేసిన ఒక తీగ గులాబీ పేరు గోల్డెన్ త్రెషోల్డ్. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇంటి పేరూ అదే. మన నర్సరీల్లో ఈ రకాలు తేలిగ్గా దొరకకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. డిసెంబరు పూల ప్రదర్శనల్లో అరచేయంత పువ్వుకు బహుమతి ఇస్తారు. వానలు వెళ్లాక నిండా ఆకుతో నిలబడిన పొదకు కూడా ఒక బహుమతి పెడితే నర్సరీలు అలాంటివి పెంచడం మొదలుపెడతాయి.

ఆగస్టు, మళ్లీ శ్రావణం

రెండో వానాకాలం మధ్యలో ఉన్నాం, ఇక తీర్పులు ఇవ్వొచ్చు.

పసుపు గులాబీ జూన్ చివర్లోనే పోయింది. కొమ్మ ఎండు తెగులు అంటు దాకా దిగింది. మొదలంటా తవ్వి తీసేశాను. డబుల్ డిలైట్ బతికే ఉంది, కానీ ఆకు లేకుండా. అమ్మాయితో మాట్లాడి దాన్నీ తీసేశాం. తెగులున్న మొక్కను పెరట్లో ఉంచితే అది మిగతావాటికి బీజాలు పంచుతూనే ఉంటుంది, అందుకని ఇంకొకరికి ఇవ్వలేదు. అదే చోట వెంటనే గులాబీ పెట్టకుండా ఈ ఏటికి బంతి వేశాం.

గుడి గులాబీ అన్నిటిలోకీ మేటి. నా నడుము ఎత్తుకు వచ్చింది. వెతికితే తప్ప మచ్చ కనపడదు. పువ్వు చిన్నది, రేకులు రెండ్రోజులకే రాలతాయి, ఫ్లవర్ వాజుకు పనికిరాదు. పెరటికి, పూజకు నాకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. పన్నీరు గులాబీ వాసనలో దాన్ని మించింది, కింది ఆకులు మచ్చ పడి రాలినా పూత ఆగలేదు. మచ్చే లేని ఆకు కోసం వెతికితే సేంద్రియ తోటలో ఏ గులాబీ మిగలదు. ఆకు రాలాక ఎన్నాళ్లకు మళ్లీ పెట్టుకుంటోంది, ఆ లోపు పూస్తోందా లేదా అన్నదే నేను ఇప్పుడు చూస్తున్న లెక్క. ఆ లెక్కలో ఐస్‌బర్గ్ కూడా నిలిచింది, గాలి బాగా ఆడే గేటు పక్క మడిలో ఉంది కాబట్టి. ప్రహరీ మూలన ఉంటే నిలిచేది కాదు.

గ్రస్ ఆన్ టెప్లిట్జ్‌ను ఉంచుతున్నాను. దాని బలహీనత చలికాలపు బూడిద ఒక్కటే, దానికి చేతిలో మార్గం ఉంది. 1999లో బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి జాతి మొక్కల బూడిద తెగులు మీద ఆవుపాలు నీళ్లలో కలిపి కొట్టి మంచి ఫలితం చూపించారు. ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్లు, ఎండలో కొట్టాలి, తెగులు కనిపించక ముందే మొదలుపెట్టాలి. ఈ ఏడు కత్తిరింపు తర్వాత చిగురు రాగానే వారానికోసారి కొడతాను. సగం కొమ్మలకు పాలు, సగానికి పుల్లటి మజ్జిగ. గంధకం పొడి కూడా సేంద్రియంలో చెల్లుతుంది, కానీ రేకులు తినే మొక్క మీద నాకు ఆ వాసన వద్దు. పైగా ఎండ ముదిరితే అది ఆకును మాడుస్తుంది.

ది ఫెయిరీ కింద పెరట్లోనే ఉంటుంది, మిద్దె మీదికి మళ్లీ ఎక్కదు. మిద్దె మీద ఖాళీ అయిన కుండీల్లో పన్నీరు గులాబీ కొమ్మలు గుచ్చాను, అక్కడి వేడికి అవి ఎలా ఉంటాయో వచ్చే ఏప్రిల్‌లో రాస్తాను. నర్సరీకి రేపు ఆదివారం వెళ్తున్నాను. బాబాయి గారికి ముందే ఫోన్ చేసి చెప్పాను, నీళ్ల తొట్టి పక్కన వెనక వరస కుండీలు ఎవరికీ ఇవ్వొద్దని, వాటికి మందు కూడా కొట్టొద్దని. ఈసారి తీగ గులాబీ ఒకటి, గేటు కమాను మీదికి పాకేది, అందులో నుంచి ఎంచుకోవాలి.